ఎండకు నోరు తెరిచిన పిట్ట

పిట్టల్ని చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా మామ బతికున్నంత కాలం నన్ను అడుగుతూనే ఉన్నాడు. ఆయన పిల్లనిచ్చేనాటికి నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాణ్ణి. తర్వాత కొన్నాళ్ళకే మగ్గం మూలనపడింది. నేను జీపు నడపడం నేర్చుకుని, ఆదోని కొండలకూ తుంగభద్ర ఒడ్డుకూ పిట్టల కోసం వచ్చేవాళ్ళను తిప్పే పనిలో పడ్డాను. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మామ "డ్రైవరు" అని చెప్పి మాట మార్చేవాడు. గైడు అనే మాట ఆయన నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పుడు ఆ పనికి శిక్షణ ఇస్తున్నారు, సర్టిఫికెట్టు కూడా ఇస్తున్నారు. అది పూర్తి చేసిన మీలాంటి పిల్లలు కొందరు, ఏ పిట్ట ఎక్కడ దొరుకుతుందో చెప్పమని నా దగ్గరికి వస్తున్నారు. సంతోషమే. కానీ పిట్టల సంగతి మీకు పుస్తకాల్లో ఉంది, ఫోన్లలో ఉంది. కూత వినిపిస్తే ఫోనే పేరు చెప్పేస్తోందట. నేను చెప్పదలచుకున్నది ఏ ఫోనులోనూ దొరకని ఒక మనిషి గురించి.

ఈ పనిలో నాకు తోడుగా ఉన్న ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. తోడబుట్టిన అక్క కాదు. కోసిగి దగ్గరి పల్లె ఆమెది, కూలిపని చేసుకునే కిరస్తానీ కుటుంబం. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి, వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టల్ని తోలేది. గింజ తినే పిట్టను తోలాలి, పురుగు తినే పిట్టను వదిలెయ్యాలి. పురుగు తినేదాని మీద రాయి పడితే వాళ్ళ నాయన చెవి మెలిపెట్టేవాడట. అందుకని పిట్ట కంటికి కనబడకముందే అదేమిటో ఆమె చెవికి తెలిసిపోయేది. "అప్పుడు రాళ్ళేసి తరిమినా, ఇప్పుడు బతిమాలి పిలుస్తాండా. నా మీద వాటికి ఎంత కోపముందో ఏమో" అని నవ్వేది.

మా పనిలో చెవి ఆమెది, కన్ను నాది. తెల్లవారుతుండగా కొండ మొదట్లో జీపు ఆపగానే ఆమె చెప్పులు విడిచి, నాలుగడుగులు ముందుకు పోయి చెయ్యెత్తేది. ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. వచ్చినవాడు ఎంత పెద్ద అధికారి అయినా సరే, దగ్గు కూడా మింగుకోవలసిందే. పిట్ట ఎక్కడుందో తెలిశాక వేలు మడిచి, ఆ మడిచిన కణుపుతో అటువైపు చూపేది. వేలు చాచేది కాదు. మా వైపు సొరపిందెను వేలు చాచి చూపిస్తే అది కుళ్ళి రాలిపోతుందంటారు, పిల్లలు అలా చూపిస్తే చేతి మీద ఒకటి వేస్తారు. అక్క ఆ పట్టింపును పిట్టలకు కూడా అంటగట్టింది. మొదట్లో నేను ఎగతాళి చేశాను. కొన్నాళ్ళకు నేనూ కణుపుతోనే చూపిస్తున్నాను. ఇప్పుడు మార్కెట్లో కూరగాయలు కూడా అలాగే చూపిస్తానని మా ఇంట్లో నవ్వుతారు.

ఆమె కణుపు చూపిన చోట నేను వెతికి, పిట్టను దుర్భిణిలో పట్టి, వచ్చినవాళ్ళకు చూపించి, నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పేవాణ్ణి. వాళ్ళు నన్ను మెచ్చుకుంటే అక్క పక్కకు తిరిగి నవ్వుకునేది. మా ఇద్దరికీ ఆ వాటా బాగానే కుదిరింది.

అయితే ఇది చలికాలం పని. ఎండలు ముదిరాక ఆదోనికి పిట్టలు చూడటానికి ఎవరొస్తారు? ఆ నెలల్లో నేను జీపును పెళ్ళిళ్ళకూ మంత్రాలయం యాత్రికులకూ తిప్పుకునేవాణ్ణి. అక్క ఊళ్ళో జనం మిరపకాయల కోతకు గుంటూరు పోతే, ఆమె ఆదోనిలో ఒక స్పిన్నింగు మిల్లులో చేరేది. ఒకసారి ఏదో పనుండి ఆమెను పిలవడానికి ఆ మిల్లు లోపలికి వెళ్ళాను. ఆ యంత్రాల మోతలో పక్కనే నిలబడి అరిచినా ఆమెకు నా మాట అందలేదు, చివరికి భుజం తట్టవలసి వచ్చింది. నేల మీద, గోడల మీద, ఆడవాళ్ళ జుట్టులో, అంతటా దూదే. అంత దూదిలో పనిచేస్తూ చెవిలో పెట్టుకోవడానికి చిటికెడు తీసుకున్నవాళ్ళు లేరు. మేస్త్రీ పిలిస్తే వినపడాలి కదా.

తర్వాత తర్వాత ఆమెలో చిన్న మార్పులు కనిపించాయి. ఇదివరకు అందరికన్నా ముందు నడిచే మనిషి నా పక్కన నడవడం మొదలుపెట్టింది. చెయ్యెత్తి నిలబడినప్పుడు పొదలకేసి కాకుండా నా మొహంకేసి చూసేది. నేను తల తిప్పితే అటు తిరిగేది. వయసు మీద పడుతోంది, కొంచెం తోడు కావాలనుకుంటోందని అనుకున్నాను. వయసు నా మీదా పడుతోంది కాబట్టి నాకు అందులో వింతేమీ తోచలేదు.

అలా ఉండగా ఒక ఏడు శివరాత్రి దాటి, చలి విరిగిపోయి, ఇక ఎవరూ రారనుకుంటున్నప్పుడు మాకు పని ఇచ్చే బెంగళూరు టూరు కంపెనీవాళ్ళు ఫోను చేశారు. బళ్ళారి నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు, ఒక్కరోజే, బాగా చూసుకోండి అన్నారు. ఆయన వయొలిన్ నేర్పే మాస్టారు. చిన్నప్పుడే చూపు పోయింది. పిట్టల్ని వినడానికి వస్తున్నాడు.

ఆ మాట అక్కకు చెప్పాను. "నువ్వు ఒక్కనివే తోడ్కపో తమ్ముడా, నాకు మోకాళ్ళు నొప్పి" అంది.

"కండ్లు లేనాయనకు నా కండ్లతో ఏం పనక్కా? ఆయప్పకు కావాల్సింది నీ సెవులు. నువ్వు లేకుంటే నేను యాడికి తోడ్కపోవల్ల?" అన్నాను.

"సరేలే, వస్తా" అంది. ఆ గొంతులో భయం ఉందని నాకు అప్పుడు తోచలేదు.

పెద్దాయన తెల్లవారుజామున ఆదోని స్టేషన్లో దిగాడు. సన్నగా, పొడుగ్గా, తల మీద ఉన్ని టోపీతో ఉన్నాడు. మంచి సరదా మనిషి. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటూ బజ్జీ బాగా కరకరమంటోందని, వేసినవాడికి లయజ్ఞానం ఉందని మెచ్చుకున్నాడు. జీపు ఎక్కి కొంతదూరం పోయాక, "ఏమప్పా, నీ జీపు మూడో గేరులో శ్రుతి తప్పుతాంది" అన్నాడు. నిజానికి మూడో గేరు అప్పటికే అరిగి ఉంది.

ఎందుకు వచ్చాడో దారిలోనే చెప్పాడు. "డాక్టరు నా చెవులు చూసి, వయసుతో పాటు పైస్థాయి స్వరాలు పోతాయి అన్నాడు. ముందు సన్నటివి పోతాయంట, తర్వాత మిగిలినవి. నాకు కండ్లు లేవని నేను ఎప్పుడూ ఏడ్వలేదప్పా. చెవులు పోతే మాత్రం నేను యాడుంటాను? అందుకని ఉన్నప్పుడే ఈలజిట్టను విని పోదామని వచ్చినాను."

ఈలజిట్ట అంటే బీడుల్లో, రాళ్ళ మధ్య తిరిగే చిన్న మట్టిరంగు పిట్ట. పిచ్చుకకు దూరపు చుట్టంలా ఉంటుంది. చూడటానికి ఏమీ ఉండదు. దాని ఈల మాత్రం సూదిదారంలా సన్నగా సాగి, చివరికి ఎక్కడ ఆగిందో తెలియనంతగా పలచబడుతుంది. చిన్నప్పుడు పెద్దాయన అమ్మమ్మ ఊళ్ళో దాన్ని వినేవాడట. "ఆ చివర ఇంకా వినపడితే నా చెవులు ఇంకా ఉన్నట్టు. అదే నా పరీక్ష" అన్నాడు. వెనక సీట్లో అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మనుషుల మాటలు ఆమెకు బాగానే వినపడేవి.

పొద్దున పని బాగా సాగింది. కౌజులు అరిచాయి, పికిళ్ళు పలికాయి, కొండ మీద నెమలి ఒకటి ఆగకుండా గోల చేసింది. కణుపు చూపిస్తే పెద్దాయనకు కనపడదు కదా. అందుకని అక్క ఆయన మణికట్టు పట్టుకుని పిట్ట వైపు తిప్పేది. ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉంచి వినేవాడు. ఒక పికిలి కూతకు ఆయన స్వరాలు చెబితే అక్క పగలబడి నవ్వింది. అవన్నీ లావు గొంతుల పిట్టలు.

ఎండ ఎక్కాక కొండ దిగి, కింద ఉన్న బీడులోకి వచ్చాం. అక్కడే ఈలజిట్టలు ఎక్కువ. కాళ్ళ కింద నేల అప్పుడే కాలుతోంది. అక్క చుట్టూ చూసి, ఒక బండ మీద కూర్చున్న పిట్టను నాకన్నా ముందే పట్టేసింది. పెద్దాయన మణికట్టు పట్టుకుని మెల్లగా అటు తిప్పింది.

"అదో సార్, గుండు మీద కూచోనుంది. పాడతాంది. ఇనండి" అంది.

ఆయన తల వంచాడు. నేనూ చూశాను. పిట్ట నోరు తెరిచి ఉంది, గొంతు కింద ఈకలు గబగబా అదురుతున్నాయి. నాకు మాత్రం ఏమీ వినపడలేదు. మాకు దూరం ఎక్కువైందేమో, గాలి అటు వీస్తోందేమో అనుకున్నాను.

"ఇనపడతాందా సార్? ఎంత సన్నగా పాడతాందో సూడండి" అంది అక్క.

ఆయన టోపీ తీసేశాడు. తల అటు తిప్పి రెండో చెవి పెట్టాడు. కాసేపటికి "ఇంకా పాడుతోందా అమ్మా?" అని అడిగాడు.

"ఆపకుండా పాడతాంది సార్."

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా ఆ వేడి నేల మీదే కూర్చుండిపోయాడు. "అయితే పోయింది. ఇంత తొందరగా అనుకోలేదు" అన్నాడు. తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. పొద్దుటినుంచీ సరదాగా మాట్లాడిన మనిషి అలా చేస్తుంటే చూడలేకపోయాను.

అప్పుడు నాకు తెలిసింది. పిట్ట రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని ఉంది. అది పాడటం లేదు. ఎండకు నోరు తెరిచి రొప్పుతోంది. మా ముగ్గురిలో ఎవరికీ ఏమీ వినపడకపోవడానికి కారణం అక్కడ వినడానికేమీ లేకపోవడమే. పిట్ట పాడుతోందో రొప్పుతోందో తెలుసుకోవడానికి అక్క దగ్గర ఇప్పుడు కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్ళూ ఆమె పిట్టల నోళ్ళు చూసి, నా మొహం చూసి నెట్టుకొచ్చింది.

ఆమె నా మొహంకేసి చూసింది. నా మొహంలో ఏముందో నాకు తెలియదు, ఆమె చదివేసింది. మళ్ళీ ఆ పిట్టకేసి చూసింది. ఆమెకీ అర్థమైంది.

దాటెయ్యడం ఎంత సులభమో చూడండి. పిట్ట ఎగిరిపోయింది సార్ అంటే సరిపోయేది. గాలి అటు వీస్తోంది సార్ అన్నా సరిపోయేది. ఆ రెండో మాట నా నోటి దాకా వచ్చింది కూడా. అక్క చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సార్, ఆ పిట్ట పాడలా. ఎండకు రొప్పతాంది. నోరు తెరిసింటే పాడతాందనుకున్నా. మీ సెవులు బాగుండాయి సార్. పోయినేవి నావి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి మిల్లు సంగతి కూడా చెప్పింది. సన్న గొంతుల పిట్టలు ఒకదాని తర్వాత ఒకటి ఎలా మూగపోయాయో చెప్పింది. మొదట పిట్టలే రావడం మానేశాయనుకుందట. ఒకరోజు ఒక పిట్ట కళ్ళముందే కొమ్మ మీద గొంతు చించుకుంటుంటే చూసి, పోయింది పిట్టలు కాదని తెలుసుకుందట. ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే ఈ పని ఉండదు. ఈ పని లేకపోతే ఏడాది పొడుగునా ఆ మిల్లే.

పెద్దాయన నవ్వాడు. ప్రాణం లేచొచ్చిన నవ్వు అది. మరుక్షణమే నోరు మూసుకుని, తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేను నవ్వకూడదమ్మా. నీకు పోయిందని చెబితే నాకు సంతోషం వచ్చింది. ఎంత పాడు మనిషిని" అన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నవ్వండి సార్. అందుకే కదా సెప్పింది" అంది అక్క.

ఆ మధ్యాహ్నం ఒక తుమ్మచెట్టు నీడలో కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాం. పొద్దు వాలి నేల చల్లబడ్డాక బండ వైపు నుంచి ఈల లేచింది. నాకు వినపడింది. పెద్దాయన ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. ఈల సాగి సాగి, నాకు ఆగిపోయిందనిపించిన తర్వాత కూడా ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. చివరికి ఊపిరి వదిలాడు. మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంది.

అక్క ఆయన్నే చూస్తోంది. "ఇప్పుడు పాడిందా సార్?"

"పాడిందమ్మా. చివరి దాకా."

"ఎట్ల పాడింది?"

ఆయన పెదాలు బిగించి, పిట్ట ఈలలాగే సన్నగా ఈల వేసి చూపించాడు. అక్క తల అడ్డంగా ఊపింది. ఆ తల ఊపడం ఆయనకు కనపడదు కదా, ఆమెకు వినపడలేదని నేను చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత ఆమెను దగ్గరికి రమ్మని, అదే ఈలను మంద్రస్థాయికి దించి, ఛాతీలోంచి మెల్లగా ఆలపించాడు. పిట్ట వేసిన ప్రతి మెలికా అందులో ఉంది. గొంతు మాత్రం ముసలి మగమనిషిది. అక్క కళ్ళు మూసుకుని తల ఆయన వైపు వంచింది.

"అదే సార్. ఈలజిట్టే. ఇట్లనే పాడేది" అంది. "ఇంగొక్కతూరి పాడండి సార్."

ఆయన పాడాడు. చీకటి పడేదాకా ఆమె అడుగుతూనే ఉంది, ఆయన పాడుతూనే ఉన్నాడు. రైలు టైమవుతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన్ను రైలెక్కించాక నేను అక్కతో చెప్పాను. కంపెనీకి చెప్పవద్దు, నా చెవులు బాగానే ఉన్నాయి, ఇద్దరం కలిసి నెట్టుకొద్దాం అన్నాను. మనసులోంచే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఈ పొద్దు ఆ పెద్దమనిషి పానం పోయినంత పనయింది తమ్ముడా. నా కూటి కోసం ఇంగొకర్ని అట్ల కూచోబెట్టలేను" అంది. మర్నాడు ఆమే ఫోను చేసి కంపెనీకి చెప్పేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. మళ్ళీ పిలవలేదు.

మిల్లుకు కూడా ఆమె మళ్ళీ పోలేదు. ఊరివాళ్ళతో కలిసి గుంటూరు మిరపకోతలకు పోయేది. ఇప్పుడు కోసిగి దగ్గర నాలుగు మేకలు పెట్టుకుని ఉంటోంది. నేను ఇంకొన్ని చలికాలాలు పనిచేశాను. తర్వాత నాతో పనిచేసినవాళ్ళు తెలివైనవాళ్ళే, తప్పు పట్టడానికి లేదు. అయినా పొద్దున్నే జీపు ఆపి దిగగానే నా కళ్ళు ఆమె కోసం వెతికేవి. ఆమెతో చేసినంత సుఖంగా నేను ఏ పనీ చెయ్యలేదు, అంత బాగా ఎవరితోనూ కుదరలేదు.

చలికాలం వస్తే కోసిగి పోయి, ఒక్కసారి బీడు దాకా రమ్మని ఆమెను అడుగుతాను. రాదు. "ఆడికొస్తే పిట్టలన్నీ నోళ్ళు తెరిసి నన్నేందో అడిగినట్లుంటాదప్పా. నేనేం జవాబు సెప్పేది?" అంటుంది. వినలేని కాడికి పోయి నిలబడటం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి బలవంతం చెయ్యను. మేకల గురించి మాట్లాడుకుంటాం, ఆమె టీ ఇస్తుంది. నేను లేచేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

"ఇంగా పాడతాండాయా తమ్ముడా, ఈలజిట్టలు?"

"పాడతాండాయక్కా" అంటాను.

ఆమె మొహం తేటపడుతుంది. "అట్లయితే సాలు" అంటుంది.

ఆ బీడులో ఇప్పుడు సోలారు పలకలు పరిచారు. చుట్టూ కంచె ఉంది. నేను కంచె పక్కన చాలా పొద్దులు నిలబడ్డాను, ఒక్క ఈల కూడా వినపడలేదు. ఆమె రానంటే నాకు బాధ, ఎప్పుడైనా వస్తానంటుందేమోనని భయం. మోకాళ్ళు సహకరించక దూరపు బీడులకు నేను పోలేను. మీరు పోగలరు. హొళగుంద వైపు, మద్దికెర వైపు రాళ్ళ నేలలు ఇంకా మిగిలే ఉంటాయి. పొద్దున్నే వెళ్ళండి, ఎండ ఎక్కకముందు. ఎక్కడైనా ఈలజిట్ట వినపడితే నాకు ఫోను చెయ్యండి. వచ్చే చలికాలం ఆమె అడిగేలోగా నా మాట నిజం కావాలి.